ఇద్దరు కోడళ్లూ మెచ్చిన గుర్రం

తోటికోడలంటే నీకు కడుపుమంట అని ఎవరైనా అని ఉంటే ఆ ఇంటి పెద్దకోడలు నవ్వి ఊరుకునేది. అంత చిన్నపిల్ల మీద తనకేం కడుపుమంట? తనకున్నదల్లా ఒకే ఒక్క అభ్యంతరం. ఆ పిల్ల మాట్లాడుతుంటే మావగారు నవ్వుతారు.

ఆ మావగారు పత్రికలో "కళ్లెం" అనే పేరుతో గుర్రప్పందేల శీర్షిక రాసి పేరు తెచ్చుకున్న మనిషి. ఏ పందెంలో ఏ గుర్రం ముందుంటుందో, ఎందుకుంటుందో ఒకరోజు ముందే చెప్పేవారు. మంగలి కుర్చీలో గడ్డానికి నురగ పూసుకుని కూర్చున్నవాడు కూడా "ఇవాళ కళ్లెం ఏమన్నాడు?" అని అడిగేవాడు. ఆయనకు చూపు మందగించి అక్షరాలు అలుక్కుపోవడం మొదలయ్యాక పెద్దకోడలు గుర్రాల పాత పందేల వివరాలు చదివి వినిపించేది. కొన్నాళ్లకు ఆయన చెబుతుంటే రాసింది. ఇంకొన్నాళ్లకు ఆయన చెప్పనక్కర్లేకుండానే రాసింది. శీర్షిక పేరు మారలేదు, రాసే చెయ్యి మారింది. ఆ సంగతి పత్రికాఫీసులో అందరికీ తెలుసు. చదివేవాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఆవిడ ఆ విద్యను తేరగా నేర్చుకోలేదు. ఒక గుర్రం గెలిచిందా ఓడిందా అన్నది కాదు, ఎంత బరువు మోస్తూ ఓడింది, ఎవరి వెనక ఇరుక్కుని ఓడింది, ఆఖరి మలుపు తిరిగాక ఊపు పెరిగిందా తగ్గిందా అన్నది చూడాలి. అన్నం కుక్కర్‌లో పెట్టి విజిల్ వచ్చేలోపు ఒక గుర్రం జాతకమంతా తిరగేసేది. సాయంత్రం ఆయన గదిలో కూర్చుని తన అంచనా చెబితే మావగారు కళ్లు మూసుకుని విని, "ఊఁ, కానీ" అనేవారు. అంతే. ఇన్నేళ్లలో ఒక్కనాడూ శభాష్ అన్న పాపాన పోలేదు. ఆయన తత్వమే అంత, మెచ్చుకోలు ఆయన నోట రాదు అని ఆవిడ సర్దిచెప్పుకుంది.

చిన్నకోడలు వచ్చాక ఆ సర్దుబాటు కాస్తా చెదిరింది. ఆ పిల్ల పెళ్లికి ముందు పశువుల ఆసుపత్రిలో పనిచేసేది. అంకెలంటే ఆమడ దూరం. పందేనికి ముందు గుర్రాలను గుండ్రంగా నడిపించి చూపే ప్యాడాక్ దగ్గర రెయిలింగు పట్టుకుని నిలబడి, తిరిగొచ్చాక మావగారికి అంతా కళ్లకు కట్టినట్టు చెప్పేది. "మావయ్యగారూ, ఆ నాలుగో గుర్రం ఉంది చూడండీ, పెళ్లిచూపులకు తీసుకొచ్చినట్టు తల వంచుకునే ఉంది" అంటే ఆయన పగలబడి నవ్వేవారు. చూపులేని మనిషికి ఆ పిల్ల కళ్లు అరువిచ్చింది. "పందెం చూపించు చిన్నమ్మాయ్" అని ఆయన పిలిచేవారు. పెద్దకోడలిని మాత్రం ఎప్పుడూ "చదువు పెద్దమ్మాయ్" అనేవారు.

ఆ మాటలే ఎవరి చెవినో పడి రేడియో దాకా వెళ్లాయి. పందేల రోజుల్లో ప్యాడాక్ దగ్గర నుంచి అయిదు నిమిషాలు మాట్లాడమన్నారు. వినేవాళ్లు చెవులు కోసుకున్నారు. చివరికి ఆ ఏటి పెద్ద పందేల రోజుకి పత్రికలో కూడా ఒక పక్క కళ్లెం అంచనాలు, ఇంకో పక్క చిన్నకోడలి అంచనాలు వేద్దామని క్రీడల పేజీ ఎడిటర్ అన్నాడు.

"మీ ఇంటి పిల్లే కదమ్మా! ఒక్క ఇంటి నుంచి ఇద్దరు! పాఠకులకు పండగే" అన్నాడు.

"దానికేం, భేషుగ్గా వేయండి" అంది పెద్దకోడలు. ఇంటికెళ్లి ఆ రోజంతా గిన్నెల మీద కోపం చూపించింది.

పెద్ద పందెం దూరం ఎక్కువ. రాజముద్ర అనే మగగుర్రం ఫేవరెట్. వరసగా గెలుస్తూ వస్తోంది, ఊరంతా దాని వెనకే ఉంది. పెద్దకోడలికి మాత్రం దాని మీద మొదటి నుంచీ అనుమానమే. అది ముందుండి పరిగెత్తే రకం. ఆదివారం అనే ఇంకో గుర్రం కూడా ముందుండాలని పోటీపడే రకమే. రెండూ ఒకదాన్నొకటి తరుముకుంటూ మొదట్లోనే ఆయాసం తెచ్చుకుంటాయి. అప్పుడు వెనక నుంచి వచ్చేదానికి దారి తెరుచుకుంటుంది. అలా వచ్చేది ఎవరు? చలిమంట అనే ఆడగుర్రం. దాని పాత పందేలన్నీ ముందేసుకుని కూర్చుంటే, దూరం పెరిగేకొద్దీ అది ముగింపులో ఇంకా బాగా పరిగెత్తుతోందని ఆవిడకు తేలింది. పైపైన చూస్తే కనిపించదు, ఎందుకంటే ఒక్కసారే గెలిచింది. ఆ సంగతి పట్టుకున్నప్పుడు ఆవిడకు ఒళ్లు పులకరించింది. ఈసారి మావగారు కూడా "ఊఁ, కానీ" అని ఊరుకోలేరు అనుకుంది. ముందే చెప్పేస్తే రుచి పోతుందని ఆయనకు కూడా చెప్పలేదు. నేరుగా పేపర్లో వినాలి.

పందేల ముందురోజు సాయంత్రం ఆఫీసుకెళ్లి తన రాత టైపు చేసింది. చలిమంట పేరు చివర చుక్క పెట్టి చేతులు తీస్తుండగా ఎడిటర్ ఒక కాగితం పట్టుకొచ్చాడు.

"మీ చిన్నావిడది పొద్దున్నే వచ్చేసింది. చూడండి, ఎంత ముద్దుగా రాసిందో!"

పెద్ద పందెం దగ్గర ఆవిడ చూపు ఆగిపోయింది. 'చలిమంట. గుర్రాల శాలలో బకెట్ నీళ్లు తాగి తల ఎత్తినప్పుడు చూశాను. దానికి తొందర లేదు. తొందర లేని గుర్రానికి దూరమంటే భయం ఉండదు.' అంతే. మూడు ముక్కలు.

తల కొట్టేసినట్టయింది ఆవిడకు. తాను కళ్లు కాయలు కాసేలా చూసి తేల్చింది, ఆ పిల్ల బకెట్ పక్కన నిలబడి తేల్చేసింది! రేపు పేపర్లో రెండూ పక్కపక్కన వస్తే ఏమంటారు? చిన్నదాన్ని చూసి పెద్దది రాసిందంటారు. అనకపోయినా, మావగారి గదిలో ఏం జరుగుతుందో తెలుస్తూనే ఉంది. "బకెట్ దగ్గర చూశావా చిన్నమ్మాయ్?" అని ఆయన కడుపారా నవ్వుతారు. తన ఆదివారం, తన ఆయాసం, తన ముగింపు ఊపు ఎవరికి పడతాయి?

"రెండూ ఒకటే గుర్రం అయితే పేజీ చప్పగా ఉంటుందనుకోండి. మీది రాజముద్రేగా?" అన్నాడు ఎడిటర్ అటు తిరిగి కాఫీ కలుపుకుంటూ.

"రాజముద్రే" అంది పెద్దకోడలు.

ఆ మాట తన నోటి నుంచి వచ్చినట్టే అనిపించలేదు. కానీ వచ్చేసింది. రాసిందంతా చెరిపేసి మళ్లీ కూర్చుంది. నమ్మని మాటను నమ్మించేలా రాయడం ఇంత తేలికా అని ఆవిడకే ఆశ్చర్యం వేసింది. రాజముద్ర నిలకడ, జాకీ అనుభవం, అలవాటైన ట్రాక్ అంటూ వాక్యాలు వాటంతటవే వచ్చి కూర్చున్నాయి. చివర్లో ఒక చురక కూడా అంటించింది. 'ఆడగుర్రం మీద ముచ్చటపడేవాళ్లు ముచ్చట తీర్చుకోవచ్చు.' ఆ వాక్యం రాసినప్పుడు మాత్రం లోపలెక్కడో చల్లగా హాయిగా ఉంది.

మర్నాడు పందేల మైదానం కిటకిటలాడిపోయింది. కొత్త బట్టలు, నల్ల కళ్లద్దాలు, చేతుల్లో మడతపెట్టిన పేపర్లు. పొద్దున్నే తెలిసిన వార్త ఏమిటంటే, ఆదివారం అనే గుర్రానికి జ్వరం తగిలి పందెం నుంచి తప్పించేశారు. వినగానే పెద్దకోడలికి అర్థమైపోయింది. తరిమేవాడు లేకపోతే రాజముద్ర తీరిగ్గా ముందు నడుస్తుంది. తాను మనసు చంపుకుని రాసింది నిజమైనా అవుతుంది. ఆవిడ సంతోషించాలో సిగ్గుపడాలో తెలియక మెట్ల వరసలో ఒక మూల కూర్చుంది.

కింద ప్యాడాక్ దగ్గర చిన్నకోడలు మైకు పట్టుకుని నవ్వుతూ మాట్లాడుతోంది. చలిమంట తన ముందు నుంచి వెళుతుంటే చేయి ఊపింది కూడా. చుట్టూ ఉన్నవాళ్లు ఆ పిల్లనే చూస్తున్నారు. ఒక పెద్దాయన ఆగి "మా ఆవిడ నీ గొంతు వినందే స్టవ్ ముట్టించదమ్మా" అన్నాడు. పెద్దకోడలి పక్కన కూర్చున్నవాడి చేతిలో కళ్లెం పేజీయే ఉంది. ఆ కళ్లెం తన పక్కనే కూర్చుందని వాడికేం తెలుసు? ఓడిపోవాలి అనుకుంది ఆవిడ. తాను ఇష్టపడి వెతికి పట్టుకున్న గుర్రమే ఓడిపోవాలని కళ్లు మూసుకుని కోరుకుంది.

ఓడిపోయింది. రాజముద్ర గెలిచింది, చలిమంట రెండోది.

జనం గోలలో ఫోన్ మోగింది. ఇంటి నుంచి భర్త. "ఇదిగో, నాన్న మాట్లాడతారట" అన్నాడు. తర్వాత మావగారి గొంతు, రేడియో చప్పుడు మధ్య.

"పెద్దమ్మాయ్! శభాష్! నేనైతే కళ్లు మూసుకుని చలిమంట మీదే పడేవాణ్ని. నువ్వు పడలేదు. నన్ను దాటేశావే!"

ఇన్నేళ్లు ఎదురుచూసిన మాట. అది వచ్చిపడేసరికి ఆవిడకు వినబుద్ధి కాలేదు. "ఉంటాను మావయ్యగారూ, ఇక్కడ ఏమీ వినపడటం లేదు" అని పెట్టేసింది.

మెట్ల వెనక సందులోంచి బయటికి వెళుతుంటే చిన్నకోడలు కనిపించింది. గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. కాళ్ల దగ్గర మైకు. ముక్కు ఎర్రబడింది.

"ఏమైంది?"

"ఏం లేదక్కా. రేడియోకి ఫోన్లు చేసి తిడుతున్నారట. వంటింట్లో ఉండాల్సినదాన్ని ప్యాడాక్‌లో ఎందుకు నిలబెట్టారని ఒకాయన ఆపకుండా..." మిగతాది మింగేసింది. తర్వాత తల ఎత్తి, "నేను ఎక్కడ తప్పు చూశానక్కా? మీకు తెలుసుంటుంది. చెప్పండి. నిజంగా నాకు ఈ పని రాదా?" అంది.

అడిగింది మనస్ఫూర్తిగా. ఆ కళ్లలో పోటీ లేదు, గురువును అడిగినట్టు అడుగుతోంది. 'నువ్వు తప్పు చూడలేదు' అన్న మాట పెద్దకోడలి నాలుక చివరి దాకా వచ్చింది. అక్కడే ఆగింది. దాని బదులు ఇంకో మాట వచ్చింది.

"గుర్రాన్ని చూసి మురిసిపోవడం వేరు, అంచనా వేయడం వేరు. అందరికీ అబ్బే విద్య కాదులే ఇది."

చిన్నకోడలు తల ఊపింది. కొంగుతో మొహం తుడుచుకుని, మైకు తీసుకెళ్లి రేడియో వాళ్లకు ఇచ్చేసింది. మళ్లీ వస్తానని చెప్పినట్టు లేదు.

సాయంత్రం ఇంట్లో అందరూ మావగారి గదిలో చేరారు. కొడుకులిద్దరూ, కోడళ్లిద్దరూ. ఆయన హుషారుగా ఉన్నారు. అలవాటు ప్రకారం చేతికర్ర పక్కన పెట్టి, "రా చిన్నమ్మాయ్, పెద్ద పందెం చూపించు. రేడియోవాడి అరుపుల్లో నాకేం కనపళ్లేదు" అన్నారు.

"నాకు చూడటం రాదండీ మావయ్యగారూ. అక్క చెబుతుంది" అంది చిన్నకోడలు, నీళ్ల గ్లాసు అందిస్తూ. మాటలో ఎత్తిపొడుపు లేదు. అదే గుచ్చుకుంది.

పెద్దకోడలు మొదలుపెట్టింది. ఎవరు ముందు, ఎవరు వెనక, జాబితా చదివినట్టు. ఆయన మర్యాదకు వింటున్నారని తెలుస్తూనే ఉంది. కాసేపాగి, "మరి చలిమంట? దాని సంగతేమిటి?" అన్నారు.

ఆవిడ గొంతు మారింది.

"మొదటి మలుపులో రెయిలింగు పక్కన ఇరుక్కుపోయిందండీ. ముందొకటి, పక్కనొకటి. పెట్టెలో పెట్టి మూత వేసినట్టే. రాజముద్రను తరిమేవాళ్లు లేరు కదా, అది షికారుకొచ్చినట్టు వెళుతోంది. పందెమంతా మందగించింది. వెనకున్నవాళ్లకు అదే శాపం. ఆఖరి మలుపు తిరిగాక కూడా దీనికి దారి లేదు. జాకీ లోపలికి చూశాడు, లేదు. బయటికి లాగాడు. అలా లాగడానికి అది పూర్తిగా ఆగి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఇంకో గుర్రమైతే అక్కడే మనసు విరుచుకునేది. ఇది విరుచుకోలేదు. చెవులు వెనక్కి వేసి, ఒక్కొక్కదాన్నే దాటుకుంటూ వచ్చింది. రాజముద్ర పక్కటెముకల దాకా వచ్చేసింది. గీత ఇంకో నాలుగు అంగలు అవతల ఉండి ఉంటే..."

చెబుతూ చెబుతూ ఆవిడ లేచి నిలబడిందని ఆవిడకే తెలియదు.

మావగారు ముందుకు వంగారు. "అయితే ఇవాళ సరైన గుర్రం అదే."

"అదే" అంది పెద్దకోడలు. "నిన్న నేను మొదట రాసింది కూడా దాని పేరే. చిన్నమ్మాయి కూడా అదే రాసిందని చూసి చెరిపేశాను. రాజముద్ర నా మాట కాదండీ. మీరన్న శభాష్ నాది కాదు."

చిన్నకోడలు గ్లాసు కింద పెట్టింది. మొహం జేవురించింది.

"మరి మెట్ల దగ్గర నన్ను ఎందుకంత మాట అన్నారు? నేను పిచ్చిదానిలా మీ దగ్గరకొచ్చి అడిగాను. నాకు ఈ పని రాదని మీరు అన్నారనే మైకు ఇచ్చేసి వచ్చాను. వాళ్లెవరో ఫోన్లో తిట్టారని కాదు. ఎందుకన్నారక్కా?"

"ఓర్వలేక" అంది పెద్దకోడలు.

ఒక్క మాటే. చిన్నకోడలు విసురుగా తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. కొడుకులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మావగారు కర్ర తడుముకుంటూ, "దానిలో నా పాలూ ఉందిలే అమ్మా" అన్నారు. ఆవిడకు ఏడుపొచ్చింది, కానీ వాళ్లందరి ముందు ఏడవలేదు.

తర్వాత చాలా రోజులు తోటికోడళ్ల మధ్య మాటల్లేవు. ఉప్పు డబ్బా కావాలన్నా మధ్యలో మూడో మనిషి ఉండాల్సిందే. చిన్నకోడలు రేడియోకి వెళ్లడం మానేసింది.

పందేల తర్వాతి వారం పెద్దకోడలు కళ్లెం శీర్షికలో ఇలా రాసింది. 'పెద్ద పందెంలో నేను చెప్పిన గుర్రం గెలిచింది. సరైన గుర్రం మాత్రం ఓడింది. దాన్ని ముందే పట్టుకుని నిజాయితీగా చెప్పిన మనిషిని మీరు ఫోన్లు చేసి తిట్టారు. తిట్టాల్సింది నన్ను.'

ఎడిటర్ నెత్తి పట్టుకున్నాడు. "ఓడినవాళ్లు సంజాయిషీ ఇచ్చుకోవడం చూశాను గానీ గెలిచి ఇచ్చుకోవడం ఇదే చూడటం! ఇది వేస్తే కళ్లెం పరువేం కావాలమ్మా?"

"కళ్లెం నేనే కదా. నా పరువు, నా ఇష్టం" అంది ఆవిడ.

వేశాడు. ఆ పొద్దున ఆ పేజీని మావగారికి చదివి వినిపించింది చిన్నకోడలే. చదవడం అయ్యాక వంటింట్లోకి వచ్చి, పెద్దకోడలు తరుగుతున్న కూరగాయల పళ్లెం తన వైపు లాక్కుని, "నాకు ఇంకా కోపం పోలేదు" అంది.

"తెలుసు."

"పోయినప్పుడు చెబుతాను."

"చెప్పు."

పోయిందని ఆ పిల్ల ఎప్పుడూ చెప్పలేదు. కానీ తర్వాతి పందేలకు మైకు పట్టుకుంది. ప్యాడాక్‌కి వెళ్లేముందు పెద్దకోడలి దగ్గర కూర్చుని, ఏ గుర్రం ఏ బరువు మోస్తోందో, ఏది వెనక నుంచి వచ్చే రకమో అడిగి తెలుసుకునేది. పెద్దకోడలు కూడా మొదటిసారి మెట్లు దిగి రెయిలింగు దగ్గరికి వచ్చింది. గుర్రానికి చెమట ఎక్కడ పడితే మంచిదో, ఎక్కడ పడితే భయమో చిన్నకోడలు చూపిస్తే, తెలియని పిల్లలా తల ఊపింది. అసూయ మాత్రం తుడిచిపెట్టుకుపోలేదు. ఎవరైనా ఆగి చిన్నకోడలిని పలకరిస్తే ఇప్పటికీ ఆవిడకు మెడ మీద చీమ పాకినట్టే ఉంటుంది. ఆవిడ దాన్ని అలాగే పాకనిస్తుంది.

మరుసటి ఏడు ఎడిటర్ ఇద్దరినీ కలిపి ఒకే శీర్షిక రాయమన్నాడు. మొదటి వారం పెద్ద వాదులాట. తిండీ తిప్పలూ మాని, చివరికి ఇద్దరూ ఒకే గుర్రం మీద ఒప్పుకున్నారు. అంకెలకూ అదే తోచింది, కళ్లకూ అదే నచ్చింది. ఇక తిరుగులేదని దమ్ముగా రాశారు. పందెం మొదలైంది. మిగతావన్నీ దూసుకెళ్లాయి. వీళ్ల గుర్రం గేటు దగ్గరే నిలబడి, జాకీ ఎంత బతిమాలినా ఒక్క అంగ వేయకుండా, జనాన్ని తీరిగ్గా చూసింది.

సాయంత్రం ఆఫీసుకు పిలిపించి ఎడిటర్ బల్ల మీద పేపర్ పరిచాడు. "పొద్దుట్నుంచీ ఫోన్లు ఆగడం లేదు. ఒక్క మాట చెప్పండి, ఈ ఘనకార్యం ఎవరిది?"

తోటికోడళ్లిద్దరూ ఒకేసారి ఒకరినొకరు చూపించుకున్నారు.

"అక్కదే!"

"దీనిదే!"